స్త్రీద్వేషమే తొలి గుమ్మం

కుప్పం, బంగారపేట వైపు నుంచి బెంగళూరుకు పోయే రైలు వైట్‌ఫీల్డ్ దాటాక హూడి మీదుగా కృష్ణరాజపురం చేరుతుంది. ఒకప్పుడు చెరువు, దాని చుట్టూ పొలాలతో ఉన్న ఈ ఊరు నేడు ఐటీపీఎల్ కార్యాలయాలకు ఆనుకొని కిక్కిరిసిన నగర భాగం. 2023 మార్చిలో మెట్రో రైలు కూడా ఇక్కడికి వచ్చింది. చిత్తూరు, సత్యసాయి, కోలారు జిల్లాల సరిహద్దు పల్లెల నుంచి చదువుకో, ఉద్యోగానికో, కూలికో బయలుదేరిన యువతీ యువకులకు హూడి, దాని పరిసరాల్లోని పీజీ వసతి గృహాలు రెండవ ఇల్లుగా మారాయి.

బిడ్డను బెంగళూరు పంపిన తల్లిదండ్రులకు ఉండే దిగుళ్లు తెలిసినవే. తిండి ఎలా ఉంది, అద్దె ఎంత, ఎవరితో తిరుగుతున్నాడు, తాగుడు అలవాటైందా, ఆడపిల్ల రాత్రి ఎన్ని గంటలకు గది చేరుతోంది? ఈ ప్రశ్నల్లో చోటు దక్కని సహవాసం ఒకటి ఉంది. అది గది తలుపు తట్టదు, పండుగకు ఇంటికి రాదు, దాని ముఖం ఎవరూ చూడరు. చేతిఫోనులోని గుంపుల సహవాసం అది. వాటిలో కొన్ని యువకులను తీవ్ర మితవాద భావజాలం వైపు నడిపిస్తాయి. ఆ దారిలో తొలి గుమ్మం చాలామంది అనుకొనేట్లు మతమో, జాతియో కాదు. తరచుగా అది ఆడవారి మీద వేసే ఒక పరిహాసం.

తీవ్ర మితవాదం అంటే ఏమిటి?

మితవాద పార్టీకి ఓటు వేయడం, దైవభక్తి కలిగి ఉండడం, సంప్రదాయాన్ని గౌరవించడం తీవ్ర మితవాదం కాదు. దేశం ఒక్క జాతికో, ఒక్క మతానికో మాత్రమే చెందినదని, మిగిలినవారు అణగి ఉండాలని లేదా వెళ్లిపోవాలని, అందుకు చట్టాన్ని, ఎన్నికలను పక్కకు నెట్టినా తప్పులేదని నమ్మే ధోరణిని ఆ పేరుతో పిలుస్తారు. ఐరోపా, అమెరికాలలో ఇది తెల్లజాతి ఆధిక్యవాదంగా కనబడుతుంది. ఇతర దేశాల్లో అక్కడి అధిక సంఖ్యాకుల పేరు పెట్టుకుంటుంది. పేరు ఏదైనా ఆ ఇంటి దూలం ఒక్కటే. మగవాడు పాలించాలి, ఆడది కనాలి, ఎవరిని కనాలో, ఎవరిని పెళ్లాడాలో గుంపు నిర్ణయించాలి. స్త్రీల పట్ల ఈ దృష్టి ఆ ఉద్యమాలకు అనుబంధం కాదు, పునాదే.

2011 జులై 22న నార్వేలో 77 మందిని చంపిన హంతకుడు తాను ముందుగా రాసి పంపిన సుదీర్ఘ పత్రంలో ముస్లింలను నిందించినట్లే స్త్రీవాదాన్నీ నిందించాడు. 2019 అక్టోబరులో జర్మనీలోని హాలె పట్టణంలో యూదుల ప్రార్థనా మందిరంపై దాడికి దిగినవాడు ఆ దృశ్యాలను ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తూ, జననాలు తగ్గిపోవడానికి స్త్రీవాదమే కారణమన్నాడు. మందిరం తలుపు తెరుచుకోకపోయేసరికి, ఆ దారిన పోతున్న ఒక స్త్రీని కాల్చి చంపాడు.

బెంగళూరు దాకా వచ్చిన వేలం

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకొనేవారికి 2022 జనవరి ఒకటవ తేదీ సమాధానం చెప్పింది. ఆ రోజు ‘బుల్లీ బాయి’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ ప్రత్యక్షమైంది. వందమందికి పైగా ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను వారి అనుమతి లేకుండా సేకరించి, వారు ‘వేలానికి’ ఉన్నట్లు అందులో చూపారు. నిజంగా అమ్మకం ఏదీ లేదు. అవమానించడమే ఉద్దేశం. పాత్రికేయులు, న్యాయవాదులు, కళాకారులు, సామాజిక కార్యకర్తలు అందులో ఉన్నారు. ఢిల్లీలో కనబడకుండా పోయిన విద్యార్థి నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్ చిత్రాన్నీ పెట్టారు. హైదరాబాదుకు చెందిన, అరవై ఏళ్లు దాటిన సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. అమ్మమ్మ వయసు కూడా ఆమెను కాపాడలేదు. ఆ జాబితాకు ఎక్కినవారిలో చాలామందికి ఉన్న సామ్యం, నోరు తెరిచి మాట్లాడే స్త్రీలు కావడమే.

ఈ పేజీని ఉంచిన చోటు గిట్‌హబ్. సాఫ్ట్‌వేర్ రాసేవారు తమ పనిని దాచుకొనే, పదిమందితో పంచుకొనే వేదిక అది. హూడిలోని కార్యాలయాల్లో వేలమంది నిత్యం వాడే పనిముట్టు. చదువుకున్నవారి చేతిలోని పనిముట్టే ఈ పనికి ఉపయోగపడింది.

ముంబయి పోలీసుల సైబరు విభాగం మొదట అదుపులోకి తీసుకున్నది బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్న 21 ఏళ్ల విద్యార్థిని. తరువాత ఉత్తరాఖండ్‌కు చెందిన 18 ఏళ్ల యువతిని, మరొక విద్యార్థిని అరెస్టు చేశారు. పేజీ తయారీకి ప్రధాన సూత్రధారి అని చెబుతూ అస్సాంలోని జోర్హాట్‌లో మరొక ఇంజనీరింగు విద్యార్థిని ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. చాలావరకు చదువుకొనే ఈడు పిల్లలు. వేర్వేరు రాష్ట్రాలవారైన వీరి పరిచయం ఇంటర్నెట్‌లోనే పెరిగిందని దర్యాప్తులో తెలిపారు. నేరాన్ని సిక్కుల మీదికి నెట్టేలా సిక్కు పేర్లతో ఖాతాలు నడిపారని ముంబయి పోలీసులు ప్రకటించారు. నిందితులకు 2022లోనే బెయిలు లభించింది. వారి నేరాన్ని నిర్ణయించవలసినది న్యాయస్థానమే.

దీనికి ఆరు నెలల ముందు, 2021 జులైలో, ‘సుల్లీ డీల్స్’ పేరుతో ఇదే తరహా పేజీ వచ్చింది. అప్పుడూ బాధితులు ఫిర్యాదు చేశారు, కేసులు నమోదయ్యాయి. అయితే అరెస్టు మాత్రం జరగలేదు. రెండవ పేజీ వచ్చి దేశమంతా గగ్గోలు పుట్టిన తరువాతే, 2022 జనవరిలో, మొదటిదాన్ని తయారు చేశాడన్న అభియోగంపై ఇండోర్ నగరానికి చెందిన యువకుడిని పట్టుకున్నారు. మొదటి తప్పుకు శిక్ష లేదని తెలిసిన చోట రెండవది పుట్టడంలో వింత లేదు.

ఈ కేసుల సందర్భంగానే ‘ట్రాడ్’ అనే మాట వార్తల్లోకి వచ్చింది. సంప్రదాయవాది అన్న అర్థమిచ్చే ఆంగ్లపదానికి అది పొట్టి రూపం. అమెరికాలోని తెల్లజాతి ఆధిక్యవాద యువకుల బొమ్మలను, పరిహాసాలను, పదజాలాన్ని యథాతథంగా తెచ్చుకొని వాటికి దేశీయ వేషం వేసిన యువకుల గుంపులవి. ఎన్నికల్లో గెలిచిన మితవాద నాయకులు కూడా వీరి దృష్టిలో మెతకవారే. అలాంటి నాయకులను, వారి మద్దతుదారులను ‘రాయితా’ అని వెక్కిరిస్తారు. స్త్రీలకు చదువు, ఆస్తి, ఇష్టమైన పెళ్లి దక్కడాన్ని వీరు సమాజ పతనంగా భావిస్తారు. కనుక ఇతర మతాల స్త్రీలను అవమానించే గుంపు తమ మతం స్త్రీలను గౌరవిస్తుందనుకోవడం భ్రమ.

వేలం, కాపలా: ఒకే నాణేనికి రెండు ముఖాలు

వేలం వేయాలంటే వస్తువు కావాలి. ఆడది మనిషి కాదు, ఒక వర్గానికి చెందిన ఆస్తి అన్న భావన నుంచే వేలం ఆలోచన పుడుతుంది. పరాయి ఆస్తిని దోచుకోవడం ఒక ముఖం. సొంత ఆస్తికి కాపలా కాయడం రెండవ ముఖం.

ఆ రెండవ ముఖాన్ని కర్ణాటక చాలాసార్లు చూసింది. 2009 జనవరి 24న మంగళూరులోని ఒక పబ్బులో ఉన్న యువతులను శ్రీరామ సేన కార్యకర్తలు బయటికి తరిమి కొట్టారు. సంస్కృతిని కాపాడుతున్నామన్నది వారు చెప్పిన కారణం. కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. అయినా 2018లో ఆ కేసులోని నిందితులు సాక్ష్యం చాలక విడుదలయ్యారు. 2012 జులై 28న అదే నగరంలోని పడీల్ వద్ద ఒక హోమ్‌స్టేలో పుట్టినరోజు జరుపుకొంటున్న యువతీ యువకుల మీద మరొక గుంపు దాడి చేసింది.

ఈ కాపలా ఒక్క మతానికే పరిమితం కాదు. 2021 సెప్టెంబరులో బెంగళూరులో తన సహోద్యోగితో ద్విచక్ర వాహనంపై ఇంటికి వస్తున్న ముస్లిం మహిళను ఆమె మతానికే చెందిన యువకులు అడ్డగించారు. హిందువైన ఆ సహోద్యోగిని కొట్టి, ఆమె భర్తకు ఫోను చేయించి, ఆ తతంగమంతా చిత్రించి ఇంటర్నెట్‌లో పెట్టారు. పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. 2025 ఏప్రిల్‌లో నగరంలోని చంద్రా లేఅవుట్ వద్ద ఒక జంటకు ఇలాంటి అనుభవమే ఎదురైంది. అక్కడా చిత్రీకరణ జరిగింది, అక్కడా అరెస్టులు జరిగాయి. పరస్పరం ద్వేషించుకొనే గుంపులు ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయి. ఆడపిల్ల ఎవరి బండి ఎక్కాలో ఆమెకు తప్ప అందరికీ చెప్పే హక్కు ఉందని అవి నమ్ముతాయి.

పరిహాసం నుంచి ద్వేషానికి మెట్లు

ఈ భావాలు ఎవరికీ ఒక్క రాత్రిలో ఎక్కవు. వాటికి మెట్లున్నాయి.

మొదటి మెట్టు నిజమైన బాధ. ఉద్యోగం దొరకదు, దొరికినా జీతం చాలదు. ఊళ్లో భూమి తక్కువ కనుక సంబంధం కుదరదు. పదిమంది మధ్య ఉన్నా మనసు విప్పడానికి ఒక్కరుండరు. ఈ ఒంటరితనం అబద్ధం కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు.

రెండవ మెట్టు నవ్వు. భార్యల మీద, ఉద్యోగం చేసే ఆడవారి మీద, ఆడవారు బండి నడపడం మీద చిన్న చిన్న వీడియోలు వస్తాయి. ఒకటి చివరి దాకా చూస్తే అలాంటివే మరో పది ఫోను తెచ్చి ముందు పెడుతుంది. ఎంతసేపు చూస్తే సంస్థలకు అంత ఆదాయం. మంచి చెడుల విచారణ ఆ యంత్రానికి లేదు. కోపం తెప్పించేది, వెక్కిరించేది ఎక్కువసేపు చూస్తారు కనుక అదే ముందుకు వస్తుంది. 2024 జులైలో ఒక తండ్రీ కూతుళ్ల వీడియోపై కొందరు తెలుగు యువకులు ఇంటర్నెట్‌లో చేసిన జుగుప్సాకరమైన వ్యాఖ్యలు తెలుగు రాష్ట్రాలను కుదిపివేశాయి. అందులో ప్రధాన నిందితుడైన యూట్యూబరును తెలంగాణ పోలీసులు బెంగళూరులోనే అరెస్టు చేశారు. అది రాజకీయ గుంపు కాదు. హాస్యమన్న పేరు పెడితే ఏ మాటైనా చెల్లుతుందనే అలవాటు ఎంత దూరం పోతుందో మాత్రం అది చూపింది.

మూడవ మెట్టు సిద్ధాంతం. ఇంతకాలం నవ్వినదానికి ఎవరో ఒక కారణం అందిస్తారు. ‘నీకు పెళ్లి కాకపోవడానికి, ఉద్యోగం రాకపోవడానికి ఆడవారికి దక్కిన హక్కులే కారణం’ అంటారు. ఆ మాటను నమ్మడాన్ని ‘రెడ్ పిల్’ మింగడం అని పిలుస్తారు. 1999లో వచ్చిన ‘మ్యాట్రిక్స్’ చలనచిత్రంలో నిజాన్ని చూపే ఎర్ర మాత్ర నుంచి తీసుకున్న మాట అది. ‘ఇన్‌సెల్’ అన్నది మరొక మాట. స్త్రీ సాంగత్యం దొరకక బలవంతంగా బ్రహ్మచారులుగా మిగిలామని చెప్పుకొనేవారి పేరది. ఈ మాట చరిత్ర విచిత్రమైనది. 1990వ దశకంలో కెనడాకు చెందిన ఒక యువతి, తనలాంటి ఒంటరివారు, ఆడవారైనా మగవారైనా, ఒకరినొకరు ఓదార్చుకొనేందుకు పెట్టిన చోటులో ఈ మాట పుట్టింది. ఓదార్పు కోసం పుట్టిన మాటను తరువాతి వారు కసికి జెండాగా మార్చారు. 2014 మే 23న కాలిఫోర్నియాలో ఆరుగురిని చంపిన యువకుడిని ఆ గుంపులు వీరుడిగా కీర్తించాయి. 2018 ఏప్రిల్ 23న టొరంటోలో పాదచారుల మీదికి వాహనం నడిపినవాడు, అందుకు కొద్దిసేపటి ముందు ఫేస్‌బుక్‌లో ఆ హంతకుడిని పొగిడాడు. నాడు చనిపోయిన పదిమందిలో ఎక్కువమంది స్త్రీలు.

నాలుగవ మెట్టు శత్రువు. ఆడవారిని ‘చెడగొట్టినది’ ఎవరు అన్న ప్రశ్నకు జవాబుగా ఒక జాతినో, ఒక మతాన్నో, ఒక కులాన్నో చూపుతారు. అక్కడితో స్త్రీద్వేషం తీవ్ర మితవాదంలోకి చేరుతుంది. మొదటి మెట్టు మీద ఉన్నవారందరూ నాలుగవదాకా పోరు. నాలుగవ మెట్టు చేరినవారిలో చాలామంది మాత్రం ఈ దారినే వచ్చినవారు.

2024 డిసెంబరులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్యతో ఉన్న కేసుల గొడవల నడుమ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణం నిజమైన విషాదం. కుటుంబ చట్టాల దుర్వినియోగం గురించి చర్చించడం, సవరణలు కోరడం ప్రజాస్వామ్యంలో ఎవరికైనా హక్కు. ఆ చర్చ పక్కనే ఉద్యోగం చేసే ఆడవారందరినీ దోషులుగా చూపే మాటల వరద పారింది. చట్టాన్ని మార్చమని అడగడం వేరు, స్త్రీజాతిని ద్వేషించమని బోధించడం వేరు. రెండింటి మధ్య గీత చెరిపేవారే మూడవ మెట్టు దగ్గర కాచుకొని ఉంటారు.

తెలుగింటి దాకా వచ్చిన తూటా

2023 మే 6న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, అలెన్ పట్టణంలోని ఒక వాణిజ్య సముదాయంలో 33 ఏళ్ల వ్యక్తి తుపాకీతో ఎనిమిది మందిని కాల్చి చంపాడు. మృతుల్లో పసిపిల్లలూ ఉన్నారు. హైదరాబాదుకు చెందిన తాటికొండ ఐశ్వర్య కూడా ఉన్నారు. ఆమె అక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్నారు. ఆమె తండ్రి రంగారెడ్డి జిల్లా న్యాయస్థానంలో న్యాయమూర్తి. సెలవు రోజున బజారుకు వెళ్లడమే ఆమె చేసిన పని.

హంతకుడి ఒంటి మీద నాజీ పచ్చబొట్లు ఉన్నాయి. రష్యాకు చెందిన ఒక సామాజిక మాధ్యమంలో అతడు రాసుకున్న రాతల్లో జాతిద్వేషంతో పాటు స్త్రీల పట్ల తీవ్రమైన ద్వేషం, ఇన్‌సెల్ గుంపుల భాష కనబడ్డాయి. మరొక విషయం గమనార్హం. అతడు తెల్లజాతివాడు కాడు, లాటిన్ అమెరికా మూలాలు గలవాడు. తెల్లజాతి ఆధిక్యవాదం అతడిని తనవాడిగా లెక్కించనే లెక్కించదు. అయినా అతడు ఆ జెండా మోశాడు. జాతి తలుపు మూసి ఉన్నా స్త్రీద్వేషపు గుమ్మం అందరికీ తెరిచే ఉంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

సరిగ్గా పదహారు రోజుల తరువాత, మే 22న, తెలుగు ఇంటిపేరు గల 19 ఏళ్ల యువకుడు వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనం దగ్గరి అడ్డుగోడలను అద్దె ట్రక్కుతో ఢీకొట్టాడు. అతడి దగ్గర నాజీ జెండా దొరికింది. నాజీ భావజాలంతో నియంతృత్వం స్థాపించడమే తన ఉద్దేశమని అతడు ఒప్పుకున్నట్లు ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు తెలిపారు. అతడికి మానసిక వ్యాధి ఉన్నదన్న విషయమూ విచారణలో వచ్చింది. 2025 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష పడింది. అతడి కేసులో స్త్రీద్వేషం ప్రస్తావన లేదు. అయినా తెలుగు తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక ఉంది. ఒకే నెలలో ఆ భావజాలం ఒక తెలుగు బిడ్డను బలి తీసుకుంది, మరొక తెలుగు బిడ్డ చేతికి తన జెండా ఇచ్చింది.

జనాభా భయం, గర్భం మీద పెత్తనం

‘వారి సంఖ్య పెరిగిపోతోంది, మనం తరిగిపోతున్నాం’ అన్నది ఈ గుంపులన్నిటి ఉమ్మడి పాట. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి పత్రం జననాల రేటు గురించిన వాపోతతోనే మొదలవుతుంది. ఈ భయం ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి పడేది ఆడదాని మీదే. ఆమె చదివింది కనుక ఆలస్యంగా పెళ్లాడింది, ఉద్యోగం చేసింది కనుక ఒక్కరినే కన్నది అని నేరం మోపుతారు.

దేశంలోని లెక్కలు వేరే కథ చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో సగటున ఒక ముస్లిం స్త్రీకి 4.4 మంది, హిందూ స్త్రీకి 3.3 మంది పిల్లలు. 2019–21 నాటికి అవి 2.36కు, 1.94కు దిగివచ్చాయి. రెండూ తగ్గాయి, రెంటి మధ్య దూరమూ తగ్గింది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో ఈ సంఖ్య 1.7, తెలంగాణలో 1.8. పిల్లల సంఖ్యను నిర్ణయిస్తున్నది మతం కన్నా ఆడపిల్లల చదువు, ఆరోగ్యం, ఆదాయం.

మతాంతర వివాహాల విషయంలోనూ అంతే. ‘లవ్ జిహాద్’ అన్న మాటకు అమలులో ఉన్న చట్టాల్లో నిర్వచనం లేదని, అలాంటి కేసు ఏదీ కేంద్ర సంస్థలు నమోదు చేయలేదని 2020 ఫిబ్రవరి 4న లోక్‌సభకు రాతపూర్వకంగా తెలిపినవారు నాటి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి, తెలుగువారైన జి. కిషన్ రెడ్డి. ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు మతమార్పిడులపై చట్టాలు చేసినా, ఈడు వచ్చిన స్త్రీకి తన జీవిత భాగస్వామిని ఎంచుకొనే స్వేచ్ఛ ఉందని సుప్రీంకోర్టు 2018లో హాదియా కేసులో స్పష్టం చేసింది.

గెలుపు ఎక్కడ జరుగుతుంది?

ఈ గుంపుల గెలుపు తుపాకీతోనే జరగదు. ఎక్కువ సార్లు అది పల్లెలోని ఇంట్లో నిశ్శబ్దంగా జరుగుతుంది. బెంగళూరులో ఎవరికో ఏదో జరిగిందన్న వీడియో వాట్సాప్‌లో ఊరికి చేరుతుంది. అది నిజమో కాదో, ఎప్పటిదో ఎవరూ అడగరు. ‘ఇక చాలు, అమ్మాయిని ఇంటికి పిలిపించు’ అని పెద్దలు తేల్చేస్తారు. హూడిలో ఉద్యోగం చేసుకొంటున్న కూతురు వెనక్కి వస్తుంది. అదే ఊరి నుంచి వెళ్లి అలాంటి వీడియోలను పంచుతున్న కొడుకు అక్కడే ఉంటాడు. ఒక్క దెబ్బ కొట్టకుండానే ఆడపిల్ల చదువు, జీతం, స్వేచ్ఛ పోయాయి.

గుమ్మం దగ్గరి మొదటి ఇటుకను ఇంటివారే పేర్చారన్న నిజాన్నీ కాదనలేము. ‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు’, ‘తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు’, ‘ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా నష్టం ఆకుకే’ అన్న సామెతలు తరతరాలుగా అరుగుల మీద వినబడుతూనే ఉన్నాయి. ఈ మాటలన్న తాతలెవరూ హంతకులు కారు. అయితే చిన్ననాటి నుంచి ఇవి విని పెరిగిన కుర్రవాడికి ఫోనులోని పరిహాసం కొత్తగా తోచదు. ఇంటి మాటే ఇంగ్లీషులో వినబడినట్లుంటుంది. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదన్న సామెత ఆడవారికే కాదు, మగవారికీ కీడు చేసింది. బాధ చెప్పుకోవడానికి వీలులేని కొడుకే ముఖం లేని గుంపు ముందు చెప్పుకొంటాడు.

గుర్తులు, జాగ్రత్తలు

మార్పును ముందుగా పట్టి ఇచ్చేది భాష. చెల్లెలి చదువు గురించి, వదిన ఉద్యోగం గురించి మునుపు లేని వెటకారం మాటల్లో వస్తుంది. ఆడవారందరూ ఇంతే, ఫలానా మతంవారందరూ ఇంతే అన్న ధోరణి పెరుగుతుంది. చిన్ననాటి స్నేహితులు దూరమై, పేరు తెలియని స్నేహితులు దగ్గరవుతారు. తప్పని ఎవరైనా అంటే ‘ఉట్టి జోకు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

అలాంటప్పుడు ఫోను లాక్కోవడం వల్ల ఫలితం ఉండదు. కొట్టి, తిట్టి, పదిమందిలో అవమానిస్తే ‘ఇంట్లోవాళ్లూ నీకు శత్రువులే’ అన్న గుంపు మాట నిజమైనట్లు అవుతుంది. ‘దీంట్లో నవ్వు ఎక్కడుంది, కాస్త చెప్పు’ అని నెమ్మదిగా అడగడం మేలు. వివరించవలసి వచ్చినప్పుడు చాలా పరిహాసాలు నిలబడవు. ‘మీ అక్క ఫోటో అక్కడ పెడితే?’ అని అడగడం అందరూ చేసే పనే. అంతకన్నా ముందుకు పోవాలి. ఎవరి అక్కా కాకపోయినా ఆమె మనిషేనని చెప్పగలగాలి. అక్క కనుక గౌరవం, పరాయిది కనుక వేలం అన్నదే ఈ భావజాలపు మూలం కదా. తండ్రులు, మేనమామలు, అన్నలు ఈ మాట చెబితే మగపిల్లల చెవికి ఎక్కువగా ఎక్కుతుంది. ఉద్యోగం, సంబంధం కుదరని కొడుకుతో ఆ బాధ గురించి నేరుగా మాట్లాడడం అన్నిటికన్నా ముఖ్యం.

ఆడపిల్ల తన ఫోటో దుర్వినియోగమైందని చెప్పినప్పుడు ‘ఫోటో ఎందుకు పెట్టావు?’ అన్న ప్రశ్న మొదటిది కాకూడదు. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది చెప్పకుండా మానుకొంటారు. పేజీని తొలగించమని కోరే ముందు దాని చిరునామాను, తెరపై కనబడినదాన్ని, తేదీ, సమయాలతో సహా భద్రపరచాలి. అవే సాక్ష్యాలు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలపై, పిల్లలపై జరిగే నేరాలకు వేరే విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండానూ సమాచారం ఇవ్వవచ్చు. సైబర్ సహాయానికి 1930, తక్షణ ప్రమాదానికి 112, మహిళా సహాయానికి 181 నంబర్లు ఉన్నాయి.

సరిహద్దు కుటుంబాలకు పనికివచ్చే మరొక అంశం ఉంది. బిడ్డ ఉండేది కర్ణాటకలో, ఇల్లు ఆంధ్రలో, నేరం చేసినవాడు ఎక్కడో తెలియదు. అయినా ‘ఇది మా పరిధి కాదు’ అని పోలీస్ స్టేషను తిప్పి పంపకూడదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయవలసిందే. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. స్త్రీని ఇంటర్నెట్‌లో వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద, మాటలతో, చేతలతో అవమానించడం 79వ సెక్షను కింద నేరాలు. అశ్లీల చిత్రాలు, రాతలు వ్యాప్తి చేస్తే సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను వర్తిస్తుంది. పేజీ తయారు చేసినవాడే కాదు, దాన్ని పదిమందికి పంపినవాడూ చిక్కుల్లో పడతాడని కొడుకులకు తెలియాలి. చదువు మధ్యలో జైలుకు వెళ్లవలసి వచ్చిన విద్యార్థుల ఉదంతం బెంగళూరులోనే ఉంది.

సరిహద్దు పల్లెల వారికి రెండు భాషలు, రెండు రాష్ట్రాలు, పలు మతాల మధ్య కలిసి బతకడం కొత్త కాదు. సంతలో, చెరువు పంపకంలో, పెళ్లి పందిట్లో ఆ నేర్పు తరాలుగా పండింది. హూడికి పంపే కొడుకు పెట్టెలో పచ్చడి సీసాతో పాటు ఆ నేర్పునూ కట్టి పంపవలసిన కాలమిది. దానికి పెద్ద చదువు అక్కరలేదు. కొడుకు ఎదుట అరుగు మీద ఎవరైనా ఆడవారిని హీనంగా మాట్లాడినప్పుడు, ఆ ఇంటి మగవాడు నవ్వకుండా ఊరుకొని, ‘ఆ మాట తప్పు’ అని ఒక్కసారి అంటే చాలు. ఆ మాట విన్న కొడుకుకు రేపు గదిలో ఫోను తెర మీద అదే పరిహాసం ఎదురైనప్పుడు కనీసం ఒక్క క్షణమైనా వేలు ఆగుతుంది.